మేకులమ్మ రాసిన కాగితం

మా ఊరి మ్యూజియంలో గోడకు మేకు కొట్టే హక్కు ఒకే ఒక్క మనిషికి ఉంది. క్యూరేటరమ్మకు లేదు, కమిటీ పెద్దలకు లేదు. ఆ మనిషిని ఊరంతా మేకులమ్మ అంటుంది. బొమ్మలు చూడటానికి వచ్చిన బడిపిల్లలు ఎప్పుడో పెట్టిన పేరు అది. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు. పొట్టి మనిషి. యాభై దాటింది. జుట్టు పైకి చుట్టి అందులో పెన్సిలు గుచ్చుకుంటుంది. పని చేసేటప్పుడు నోట్లో మూడు మేకులు పట్టుకుంటుంది.

"నోట్లో మేకులున్నప్పుడు ప్రశ్నలడక్కు తమ్ముడూ. మింగానంటే నాకు ఆపరేషను, బొమ్మకి నేల."

అందుకని ఈ కథ నేను ఒక్క రోజులో వినలేకపోయాను. ఒక ప్రదర్శన దించి ఇంకొకటి ఎక్కించే మధ్యలో పది రోజులు పై హాలు మూసి ఉంచుతారు. అప్పుడామె పాత మేకుల రంధ్రాల్లో పుట్టీ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దుతుంది. నిచ్చెన పట్టుకుంటానన్న వంకతో వెళ్ళి, ఆ పది రోజుల్లో దొరికినంత విన్నాను. తర్వాతి ప్రదర్శనకు మిగతాది. మూడు ప్రదర్శనలు మారేసరికి కథ పూర్తయింది.

మ్యూజియం పెద్దదేమీ కాదు. ఒకప్పటి తపాలా ఆఫీసు. కింది గదుల్లో నాణేలు, పగిలిన కుండలు, గాజు పెట్టెలో గడ్డి కూరిన కొంగ. మేడ మీద ఒకటే హాలు. గోడ కావాలని కిటికీలన్నీ చెక్కలతో మూసేశారు. ఆ హాల్లో ఏడాదికి ఐదు ప్రదర్శనలు జరుగుతాయి. మొదట బడిపిల్లల బొమ్మలు, తర్వాత ఫోటోలు, తర్వాత పక్క ఊళ్ళ నుంచి అరువు తెచ్చినవి, ఆపైన నేతా కుండా చెక్కపనీ. ఐదోది మాత్రం ఊరి చిత్రకారుడు ఒకడిదే, ఆరు వారాలు. ఐదింటినీ పొడుగాటి కార్డు మీద అచ్చు వేయించి ముందు కిటికీలో అంటిస్తారు. ఐదో వరసలో పేరు పడిందంటే ఆ మనిషి వీధిలో నడిచే తీరే మారిపోతుంది.

కార్డులో ఏం ఉండాలో తేల్చే కమిటీ మీటింగుకు మేకులమ్మను కూడా పిలుస్తారు. కుర్చీ వేయరు, కిటికీ గట్టు మీద కూర్చుంటుంది. అందరూ మాట్లాడటం అయిపోయాక క్యూరేటరమ్మ అటు తిరిగి ఒకే ప్రశ్న వేస్తుంది, "గోడ మోస్తుందా?" అని. మోస్తుందంటే ప్రదర్శన ఉన్నట్టు. తేమ ఉందనో, పెచ్చులూడుతోందనో అంటే వచ్చే ఏడాదికి వాయిదా. ఇరవై ఏళ్ళుగా ఆమె మాటను ఎవరూ గోడ తట్టి చూసుకోలేదు.

ఆమె పగ ఈ ఉద్యోగం కంటే పాతది.

వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. తండ్రి లేడు. ఇద్దరు కూతుళ్ళలో పెద్దదానికి గీత అబ్బింది. ఆదివారాలు బొమ్మల మాస్టారి మేడ మీద క్లాసు జరిగేది. అక్క లోపల రంగులు కలపడం నేర్చుకుంటుంటే చెల్లెలు మెట్ల మీద కూర్చుని అందరి బ్రష్షులూ కడిగేది. కాన్వాసు కొనే స్తోమత లేదు. లాండ్రీకి వేసి మళ్ళీ ఎవరూ తీసుకుపోని దుప్పటి ఒకటుంటే అమ్మ అడిగి తెచ్చింది. దాని మూల చెరగని సిరాతో లాండ్రీ నంబరు, మూడు వందల పన్నెండు. మధ్యలో జానెడు చిరుగు. తెల్లదారం అయిపోయిందని అమ్మ దాన్ని నల్లదారంతోనే కుట్టేసింది. ఆ దుప్పటిని చట్రానికి బిగించి, దాని మీద అక్క అమ్మనే వేసింది. కిటికీ పక్కన, వీపు ఇటు పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టె మీద ఒంటి బరువంతా వేసి వంగిన మనిషి. అప్పుడు అక్కకు పంతొమ్మిదేళ్ళు.

"అమ్మకి వేరే ఫోటో లేదు తమ్ముడూ. ఉన్న ఒక్క బొమ్మలోనూ మొహం కనపడదు. వీపే."

మాస్టారు చూసి, పోటీకి పంపుతానమ్మా అని తీసుకున్నారు. ఏడు నెలలకు బహుమతి వార్త పేపర్లో వచ్చింది. బొమ్మ అదే. పేరు మాత్రం "శ్రమ సౌందర్యం" అని, వేసింది మాస్టారని. అక్క వెళ్ళి అడిగింది. అప్పుడు క్లాసులో పదిమంది ఉన్నారు.

"నువ్వు తెచ్చింది బొమ్మనుకుంటున్నావా? మరక," అన్నారట మాస్టారు, బ్రష్షు కిందపెట్టకుండానే. "దాన్ని దిద్ది బొమ్మ చేసింది నేను. ఇస్త్రీ చేసుకునేవాళ్ళకి ఇంత నోరెక్కడిది?"

పదిమందిలో ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరూ ఎవరో మేకులమ్మకు ఇప్పటికీ తెలుసు. ఒకడి బొమ్మల ప్రదర్శనకు నాలుగేళ్ళు వరసగా గోడలో తేమ వచ్చింది.

అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి బ్రష్షులు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. తర్వాత కుట్టుమిషను కొనుక్కుంది. ప్యాంట్లు కుదించడం, జాకెట్లు వదులు చేయడం, జిప్పులు మార్చడం. అమ్మ పోయింది. అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉండిపోయారు. అక్క ఆ బొమ్మ ఊసు ఎన్నడూ ఎత్తలేదు.

"ఆవిడ వదిలేసింది. నేనూ వదిలేస్తే ఇంక ఆ సంగతి లోకంలో ఎక్కడా లేనట్టేగా? అందుకని మోసే పని నేను తీసుకున్నాను," అంది మేకులమ్మ పుట్టీ కత్తిని గుడ్డకు తుడుస్తూ.

మ్యూజియంలో మొదట ఊడ్చే పనికి చేరింది. బొమ్మలు తగిలించే ముసలాయన దగ్గర పని నేర్చుకుంది. ఆయన తర్వాత ఆ పనీ, దానితో పాటు రాక కాగితాల పనీ ఆమెకే వచ్చాయి. బయటినుంచి ఏ బొమ్మ వచ్చినా విప్పి బల్ల మీద పెట్టి, టార్చి పక్కవాటుగా వేసి, భూతద్దంతో ముందూ వెనకా చూసి, ఉన్నదంతా ఒక కాగితం మీద రాయాలి. ఎక్కడ గీత పడింది, ఎక్కడ రంగు లేచింది, ఎక్కడ ఏ సంతకం ఉంది అన్నీ. ఇచ్చినవాళ్ళు చదివి సంతకం పెట్టాలి. గోడ మీద లేబులు ఆ కాగితంలోంచే, అక్షరం మార్చకుండా అచ్చవుతుంది. ఒకసారి ఫోటో స్టూడియో ఆయన గుర్రం ఫోటో కింద గాడిద అని పడి పెద్ద రభస అయిందట. అప్పుడు పెట్టుకున్న నియమం ఇది. ప్రదర్శన ముగిసేదాకా లేబులు మార్చాలంటే, ఇచ్చినవాళ్ళు కొత్త కాగితం మీద సంతకం పెట్టాల్సిందే.

ఆ నియమం చదివిన రోజే ఆమెకు దారి కనపడింది. ఆ బొమ్మ ఒక్కసారి ఆ బల్ల మీదకు రావాలి. అంతే.

రావడానికి పదకొండేళ్ళు పట్టింది. బొమ్మ మాస్టారి ముందుగదిలో గోడకుంది. మాస్టారికేమో మన మ్యూజియం అంటే చిన్నచూపు. "కొంగ పక్కన నా బొమ్మలా?" అనేవారు ఎవరు అడిగినా. ఏటా మీటింగులో మాస్టారి పేరు వచ్చేది, ఏటా ఆయన వద్దనేవారు. మేకులమ్మ కిటికీ గట్టు మీద పళ్ళు నూరుకుంటూ కూర్చునేది.

చివరికి ఆమె బోర్డుల పెయింటర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన దుకాణాలకు బోర్డులు రాస్తాడు, ఇంటి దగ్గర మంచి బొమ్మలు వేస్తాడు. ఆ రోజు మాస్టారి క్లాసులో కూర్చున్న పదిమందిలో ఒకడు. నవ్వనివాడు.

"అన్నా, ఈ ఏడాది ఐదో వరసకి నీ పేరు చెబుతాను. తర్వాత నువ్వు తప్పుకోవాల్సొస్తుంది. వచ్చే ఏడాది నీదే, నా మాట."

"ఎందుకే?"

చెప్పింది. ఆయన నిచ్చెన మీదనుంచి దిగాడు.

"తప్పుకోవడం కాదు, కావాలంటే ఊరొదిలి వెళ్తాను. ప్రారంభం రోజు మాత్రం నన్ను ముందు వరసలో నిలబెట్టు. ఆయన మొహం చూడాలి నాకు."

మీటింగులో పేరు ఖాయమైంది. రెండో రోజు మేకులమ్మ దారిన పోతున్నట్టు మాస్టారి గుమ్మం దగ్గర ఆగింది.

"ఏంటమ్మా, కొంగ బాగుందా?"

"బాగుంది మాస్టారూ. ఈ ఏడాది ఐదో ప్రదర్శన బోర్డుల పెయింటర్‌ది. ఊరి చిత్రకారుల్లో అగ్రగణ్యుడు అని కార్డు మీద వేస్తారట."

"ఎవరూ, నా దగ్గర బ్రష్షు పట్టుకోవడం రాక చీవాట్లు తిన్నవాడా?"

"ఆయనే. ఇంకెవరున్నారు మరి? పెద్దవాళ్ళు మీరు ఇవ్వరాయె."

అలా అని వచ్చేసింది. ఆ పూట ఇంట్లో రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నానని చెప్పింది నాతో. మూడో రోజు పొద్దున్నే మాస్టారు మ్యూజియం తలుపు తెరవకముందే వచ్చి, తన బొమ్మలు ఇస్తానని మెట్ల మీద నిలబడ్డారు. బోర్డుల పెయింటర్ అన్నమాట ప్రకారం తప్పుకున్నాడు.

"గోడ మోస్తుందా?" అంది క్యూరేటరమ్మ.

"మాస్టారి బొమ్మలు మొయ్యకపోతే అది గోడేంటి?" అంది మేకులమ్మ.

అక్కకు ఈ సంగతి తెలిసి మిషను ఆపింది.

"నాకోసం చేస్తున్నానని మాత్రం అనకు. ముప్పై మూడేళ్ళు నేను నెమ్మదిగానే ఉన్నాను. కడుపుమంట నీది."

"నాదేనే. నీకు రాలేదు కాబట్టి ఇద్దరి వాటా నేనే మండుతున్నా."

నలభై ఒక్క బొమ్మలు వచ్చాయి. మాస్టారు కుర్చీలో కూర్చుని, ప్రారంభం రోజు ఎవరెవరిని పిలవాలో, తన కుర్చీ ఎక్కడ వేయాలో క్యూరేటరమ్మకు చెబుతున్నారు. మేకులమ్మ ఒక్కొక్కటే విప్పి రాస్తోంది. పదిహేడోది విప్పినప్పుడు బల్ల అంచు పట్టుకుందట. బొమ్మ వెనక గోధుమరంగు కాగితం అతికించి ఉంది.

"మాస్టారూ, కాగితం కింద పురుగుందేమో చూడాలి. విప్పమంటారా?"

"ఏదైనా చేసుకోమ్మా, నన్ను మధ్యలో ఆపకు," అన్నారాయన తలైనా తిప్పకుండా.

విప్పింది. పురుగు లేదు. మూల మూడు వందల పన్నెండు. మధ్యలో అమ్మ నల్లదారం. దాని కింద పెన్సిలుతో అక్క రాత. ముందువైపు మాస్టారి ఎర్ర సంతకం మీద టార్చి వేసి చూసింది. అది వార్నిష్ మీద ఉంది. అంటే బొమ్మ వేసి, ఆరి, వార్నిష్ కూడా పూశాక పెట్టిన సంతకం.

నలభై ఒక్క కాగితాలూ దొంతరగా ముందు పెడితే, మాస్టారు మూలలు మాత్రం ఎత్తుతూ టకటకా సంతకాలు చేసేశారు. కళ్ళద్దాలు జేబులోంచి తీయలేదు. పెద్దవాళ్ళెవరూ తమ బొమ్మల రాక కాగితం చదవరని ఆమెకు ఇరవై ఏళ్ళ అనుభవం. తమ బొమ్మలో తమకు తెలియనిది ఏముంటుందని వాళ్ళ ధీమా.

ప్రారంభం రోజు సాయంత్రం హాలు నిండింది. ఉపన్యాసాలయ్యాక మాస్టారు అందరినీ వెంటేసుకుని ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చెప్పుకుంటూ వచ్చారు. పదిహేడో దాని దగ్గర, "ఇది నాకు బహుమతి తెచ్చిన..." అని మొదలుపెట్టేలోగా ముందు వరసలో ఉన్న బోర్డుల పెయింటర్ లేబులు పైకి చదవడం మొదలెట్టాడు. జనం నోట పలికేలా రాయడం ఆయన వృత్తి, చదవడమూ అలాగే చదివాడు.

"ఇస్త్రీ చేస్తున్న అమ్మ. లాండ్రీ దుప్పటి మీద నూనె రంగులు. మధ్యలో చిరుగు, నల్లదారంతో కుట్టినది. ముందువైపు ఎర్ర సంతకం బొమ్మ ఇచ్చినవారిది, వార్నిష్ ఆరాక పెట్టినది. వెనక పెన్సిలుతో, అమ్మ, మంగళవారం, కరెంటు లేని పూట, అని చిత్రించినవారి రాత."

ఆ తర్వాత అక్క పూర్తి పేరు, తారీకు. పేరు మాత్రం రెండుసార్లు చదివాడు.

"ఎవరు రాశారిది?" అన్నారు మాస్టారు.

వెనకనుంచి మేకులమ్మ అంది, "నేను మాస్టారూ. నిజమని సంతకం పెట్టింది మీరు."

"తీసెయ్ దాన్ని!"

క్యూరేటరమ్మ గొంతు పెంచే మనిషి కాదు. ఫైలు తెప్పించి కాగితం చూసింది, బొమ్మ తిప్పించి వెనక చూసింది, తెల్లకాగితం ఒకటి ఆయన ముందు పెట్టింది. "మారుస్తానండి. ఈ బొమ్మ మొత్తం నేనే వేశాను, వెనకున్న రాత అబద్ధం అని రాసి సంతకం పెట్టండి, చాలు."

పెన్ను చేతిలోకి తీసుకున్నారు. హాలంతా ఆ పెన్ను వంకే చూస్తోంది. కాసేపటికి, "కళ్ళద్దాలు తేలేదు," అన్నారు.

"జేబులో ఉన్నాయి మాస్టారూ," అన్నాడు బోర్డుల పెయింటర్, ఎంతో వినయంగా.

మాస్టారు పెన్ను అక్కడే పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయారు. మిగిలిన ఇరవై నాలుగు బొమ్మల గురించి ఆ రోజు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాతి మూడు వారాలంత బాగా నిద్రపోయిన రోజులు మేకులమ్మ జీవితంలో లేవట. వచ్చిన ప్రతి బడి పిల్లల్నీ నేరుగా పదిహేడో బొమ్మ దగ్గరికే తీసుకుపోయి లేబులు చదివించేది. పిల్లలు తప్పు చదివితే మళ్ళీ చదివించేది. మాస్టారు ఇంట్లోంచి బయటికి రావడం లేదని తెలిసి, బజారుకు ఆ వీధిలోంచే చుట్టు తిరిగి వెళ్ళేది. ఆమె అది చెబుతున్నప్పుడు ఆ ముఖంలోని సంతోషం చూడటం నాకు కష్టమయింది. ఆమె అంటే నాకెంత ఇష్టమైనా సరే.

నాలుగో వారంలో, ఎవరూ లేని పూట చూసుకుని అక్క వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. చెల్లెలు పక్కనే ఉంది, ఏమంటుందా అని.

"ఈ చెయ్యి నాది కాదు," అంది అక్క.

"ఏ చెయ్యి?"

"ఇస్త్రీపెట్టె పట్టుకున్న చెయ్యి. నాకు రాక ముద్దలా వదిలేశాను. ఇది మాస్టారు వేశారు." ఇంకాస్త దగ్గరికి వంగింది. "ఎంత బాగా వేశాడే. బరువంతా మణికట్టులోకి తెచ్చాడు. అమ్మ చెయ్యి అచ్చం ఇలాగే ఉండేది. నాకు ఈ జన్మలో రాదు ఇది."

మేకులమ్మ కొంగుతో లేబులు అంచు తుడిచింది.

"నువ్వు టార్చేసి చూశావుగా? ఇక్కడ రంగు మందంగా ఉందని కనపడలేదా?"

కనపడింది. ఇరవై ఏళ్ళలో ఉన్నది ఉన్నట్టు కాకుండా ఆమె రాసిన కాగితం అదొక్కటే. నాతో ఈ మాట చెప్పేటప్పుడు గోడకేసి తిరిగి, ఎప్పుడో నునుపైపోయిన చోటునే రుద్దుతూ చెప్పింది.

"చెయ్యి ఆయనదని లేబులు మీద రాయి," అంది అక్క.

"నేను చచ్చినా రాయను."

"అయితే నా పేరు తీసెయ్. ఆయన నా బొమ్మ మీద పేరు వేసుకున్నాడని ఇంత రగిలావ్. ఇప్పుడు ఆయన చేతి మీద నా పేరుంటే నేనేంటట?"

అక్క ముప్పై మూడేళ్ళలో ఒక్క కోరిక కోరింది, అదీ ఆయన తరఫున. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు మేకులమ్మ కొత్త కాగితం రాసింది. "కుడిచెయ్యి బొమ్మ ఇచ్చినవారిది. మిగతాదంతా వెనక ఉన్న పేరుగలవారిది." రాశాక దాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుని ఆగిపోయిందట. ఈ కాగితం మీద సంతకం పెడితే ఆయనకు చెయ్యి దక్కుతుంది, మిగతాదంతా తనది కాదని తన చేత్తోనే ఒప్పుకున్నట్టవుతుంది. ప్రారంభం రోజు జనం ముందు దొరకనిది ఇది. గబగబా చెప్పులేసుకుంది.

మాస్టారు ముందుగదిలోనే ఉన్నారు. గోడ మీద బొమ్మ తీసిన చోట మాసిపోని నలుచదరపు మచ్చ. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు.

"ఈ చెయ్యి సంగతి నువ్వు కనిపెట్టావా?"

"కాదు. మా అక్క."

ఆయన చాలాసేపు తన కుడిచేతి వేళ్ళు చూసుకున్నారు. "రెండు నెలలు వేశాను ఆ చేతిని. పదకొండుసార్లు గీకేసి మళ్ళీ వేశాను. బహుమతి ఇచ్చినవాళ్ళు కూడా దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. అందరూ ఆ వీపు గురించే." సంతకం పెట్టారు. దాని కిందే, అడక్కుండానే, ప్రదర్శన అయ్యాక బొమ్మ వేసినావిడకే ఇవ్వండి అని రాసి ఇంకో సంతకం పెట్టారు.

మేకులమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. అమ్మ ఇంటికి వచ్చేస్తోంది. ఇంక ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఏదీ లేదు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచారు.

"అమ్మా! మీ అక్క... ఆ చెయ్యి చూసి ఏమైనా అందా?"

ఆ గొంతులో మాస్టారి దర్పం లేదట. క్లాసులో కొత్తగా చేరినవాడు తన బొమ్మ చూపించి నిలబడినట్టుందట.

"ఏమీ అనలేదు మాస్టారూ," అంది మేకులమ్మ.

నేను ఉండబట్టలేక అడిగాను, తర్వాతైనా మాస్టారికి చెప్పావా అని. ఆయనకు డెబ్బై ఎనిమిది దాటింది, ఈమధ్య మంచం దిగడం లేదని వింటున్నాను.

"మెట్లు దిగుతుంటే మళ్ళీ అడిగాడు తమ్ముడూ, ఒక్క ముక్క కూడా అనలేదా అని. వినపడనట్టు దిగొచ్చేశాను." పుట్టీ కత్తిని డబ్బాలో ముంచింది. "నిన్న ఎవరో అన్నారు, ఇప్పటికీ మా ఇంటివైపు నుంచి ఎవరొచ్చినా అదే అడుగుతున్నాడట. అడగనీ."